ఈఆర్‌సీపీ తరువాత పాంక్రియాటైటిస్ రాకుండా ఏమేం చేయవచ్చు?

మీ ప్రశ్నలోని వివరాలివి. మీ చెల్లెలికి 34 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో చిన్న చిన్న రాళ్లున్నాయి. అల్ట్రాసౌండ్ స్కానింగులో పిత్తనాళం 7 మిల్లీమీటర్లు ఉందని రాశారు గానీ నాళంలో రాయి కనిపించలేదు. బిలిరుబిన్ 1.6 ఉంది, జ్వరం లేదు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు ముందు ఈఆర్‌సీపీ, అంటే నోటి గుండా ఎండోస్కోపు పంపి ఎక్స్‌రే సాయంతో పిత్తనాళాన్ని చూసి అందులోని రాళ్లు తీసే ప్రక్రియ, చేయించుకోమని డాక్టరుగారు చెప్పారు. మీ పెద్దమ్మగారికి లోగడ ఇదే ప్రక్రియ జరిగిన మర్నాడు పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) వచ్చి చాలా రోజులు ఐసీయూలో ఉంచవలసి వచ్చింది కనుక, అది రాకుండా ముందే ఏమైనా చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు. అయితే చేయదగినవాటిలో అన్నింటికన్నా బలమైనది ఎండోస్కోపు నోట్లోకి వెళ్లకముందే జరగాలి: ఆమెకు ఈఆర్‌సీపీ నిజంగా అవసరమా అన్నది తేల్చుకోవడం. నేను ఈ ప్రక్రియను ఏళ్ల తరబడి చేస్తున్న గ్యాస్ట్రోఎంటరాలజిస్టును. మీ చెల్లెలి రిపోర్టులను నేను స్వయంగా చూడలేదు, ఆమెను పరీక్షించనూ లేదు. కనుక నేను చెప్పేదాన్ని మీ డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు అడగవలసిన విషయాలుగా తీసుకోండి.

కాలేయం నుంచి వచ్చే పిత్తనాళమూ క్లోమం, అంటే పాంక్రియాస్, నుంచి వచ్చే నాళమూ చిన్నపేగు మొదటి భాగంలో ఒకేచోట తెరుచుకుంటాయి. ఆ ద్వారం శనగగింజంత ఉబ్బెత్తు మీద ఉంటుంది. దాన్ని పాపిల్లా అంటాం. మేము వెళ్లవలసినది పిత్తనాళంలోకే అయినా, సన్నని తీగ గానీ ఎక్స్‌రేలో కనిపించేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు గానీ పక్కనే ఉన్న క్లోమనాళంలోకి పోవచ్చు. ఆ నాళంలో ఒత్తిడి పెరిగినా, పాపిల్లాను పదే పదే తాకడం వల్ల అది వాచి క్లోమరసం బయటికి రాకుండా అడ్డుపడినా, రాయి బయటికి రావడానికి దారి పెద్దది చేసేందుకు పాపిల్లాను కోసేటప్పుడు వాడే కరెంటు వేడి క్లోమనాళం ముఖద్వారానికి తగిలినా, పేగులోకి వచ్చి ఆహారాన్ని అరిగించవలసిన ఎంజైములు క్లోమంలోనే చురుకై ఆ కండనే దెబ్బతీయడం మొదలుపెడతాయి. పాంక్రియాటైటిస్ అంటే అదే. మొదట జరిగే గాయం చిన్నది. దాని వెనుక శరీరం లేపే వాపు మంట పెద్దది. నివారణ మార్గాలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని తగ్గించడానికి పుట్టినవే.

ఇది ఎంత తరచుగా వస్తుందన్న అంకెలు చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. 1991లో ఈఆర్‌సీపీ నిపుణుడు పీటర్ కాటన్, మరికొందరు నిపుణులు కలిసి ఒక నిర్వచనం కుదుర్చుకున్నారు: ప్రక్రియ తరువాత కొత్తగా కడుపునొప్పి రావడం లేదా ఉన్న నొప్పి పెరగడం, 24 గంటల తరువాత కూడా రక్తంలో అమైలేజ్ అనే క్లోమపు ఎంజైము మామూలు గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటి ఉండటం, ఆ కారణంగా ఆసుపత్రిలో ఉంచవలసి రావడం. రెండు మూడు రోజులు ఉంచితే తేలికపాటిది, నాలుగు నుంచి పది రోజులైతే మధ్యస్థమైనది, అంతకన్నా ఎక్కువైతే తీవ్రమైనది. ఈ కొలతతో చూస్తే, 108 క్లినికల్ ట్రయల్స్‌లో నివారణ మందు అందని సుమారు 13,300 మందిని కలిపి లెక్కించిన 2015 నాటి సమీక్షలో ప్రతి నూరుమందిలో దాదాపు పదిమందికి, రిస్కు ఎక్కువున్న వర్గంలో దాదాపు పదిహేనుమందికి పాంక్రియాటైటిస్ వచ్చింది. వాటిలో అత్యధికం తేలికపాటివి. మరణాలు మొత్తం మీద ఒక శాతం కన్నా తక్కువ. మీ పెద్దమ్మగారికి వచ్చినది తీవ్రమైన రకమై ఉండాలి. అయితే ఆమెకు వచ్చింది కాబట్టి మీ చెల్లెలికీ వస్తుందనుకోవడానికి ఆధారం లేదు. మీ చెల్లెలి రిస్కును ఆమె సొంత లక్షణాలతోనే అంచనా వేయాలి.

ఆ అంచనా మాత్రం అంత ఊరటనిచ్చేది కాదు, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెబుతున్నాను. ఈఆర్‌సీపీ తరువాత పాంక్రియాటైటిస్ ఎక్కువగా వచ్చేది ఎవరికంటే: స్త్రీలకు, వయసులో చిన్నవారికి, పిత్తనాళం పెద్దగా ఉబ్బనివారికి, బిలిరుబిన్ మామూలుగా లేదా దానికి దగ్గరగా ఉన్నవారికి, లోగడ పాంక్రియాటైటిస్ వచ్చినవారికి, స్ఫింక్టర్ ఆఫ్ ఆడి అనే కండర వలయం సరిగా పనిచేయడం లేదన్న అనుమానంతో ప్రక్రియకు వచ్చినవారికి. ఇందుకు భిన్నంగా, క్యాన్సర్ గడ్డ వల్ల పచ్చకామెర్లు ముదిరి నాళం బొటనవేలంత ఉబ్బిన పెద్దాయనకు గానీ, దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌తో క్లోమం గట్టిపడినవారికి గానీ, ఇదివరకే పాపిల్లా కోసి ఉన్నవారికి గానీ ఇది వచ్చే అవకాశం తక్కువ. ఈఆర్‌సీపీ అవసరం ఎవరికి అతి తక్కువో వారికే అది అతి ప్రమాదకరమని కాటన్ చాలాకాలం కిందటే హెచ్చరించారు. మీ చెల్లెలి వయసు, స్త్రీ కావడం, బిలిరుబిన్ కొద్దిగా మాత్రమే పెరిగి ఉండటం, నాళం అంతంతమాత్రంగా ఉబ్బి ఉండటం, ఇవన్నీ ఆమెను ఆ వర్గానికే దగ్గర చేస్తున్నాయి. ఈ రిస్కులు ఒకదానిమీద ఒకటి కూడుతూ పోతాయి కూడా.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. అమెరికా ఎండోస్కోపీ సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నేరుగా ఈఆర్‌సీపీకి పంపదగినవారు మూడు రకాలు: స్కానింగులో నాళంలో రాయి కంటికి కనిపించినవారు, చలిజ్వరం, కామెర్లతో పిత్తనాళంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు, బిలిరుబిన్ 4 దాటి, నాళం కూడా ఉబ్బినవారు. మీరు రాసినంతవరకు ఈ మూడింటిలో ఏదీ ఆమెకు లేదు. లివర్ పరీక్షలు తేడాగా ఉండటం, నాళం కొద్దిగా ఉబ్బి ఉండటం మధ్యస్థ అనుమానం కిందికి వస్తాయి, అటువంటివారికి ముందు చేయవలసినది ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఎండోస్కోపు కొస నుంచి లోపలే చేసే అల్ట్రాసౌండ్). ఈ రెండూ పిత్తనాళాన్ని చూసేవే గానీ పాపిల్లాలోకి దేన్నీ పోనివ్వవు, కనుక పాంక్రియాటైటిస్ భయం ఉండదు. మామూలు అల్ట్రాసౌండులో నాళం కింది భాగం పేగులోని గాలి చాటున ఉండిపోతుంది కాబట్టి అందులో రాయి కనిపించలేదంటే లేదని కాదు, నాళం ఉబ్బిందంటే రాయి ఉన్నట్టూ కాదు. చాలామంది కుటుంబసభ్యులు ఎంఆర్‌సీపీని అదనపు ఖర్చుగా చూస్తారు. దాని ఖర్చు పాంక్రియాటైటిస్‌తో ఒక్కరోజు ఐసీయూలో ఉంటే అయ్యేదానికన్నా సాధారణంగా తక్కువే.

దీనికి అనుబంధంగా మరొక మాట. చిన్న రాళ్లు తమంతట తామే పేగులోకి జారిపోతుంటాయి. ఎంఆర్‌సీపీలో రాయి ఉందని తేలి, ఏ కారణం చేతనో మూడు నాలుగు వారాలు గడిచి, ఈలోగా నొప్పి పోయి లివర్ పరీక్షలు మామూలయ్యాయంటే, పాత రిపోర్టును నమ్ముకుని పాపిల్లా కోయడం నాకు ఇష్టం ఉండదు. అటువంటప్పుడు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ సదుపాయం ఉన్నచోట ముందు దానితో చూసి, రాయి ఉంటేనే అదే మత్తులో ఈఆర్‌సీపీకి వెళ్లడం మేలు. రాళ్లేమీ లేకపోయినా కుడివైపు నొప్పి పోవడంలేదని కండర వలయాన్ని కోసే పద్ధతి ఒకప్పుడు బాగా ఉండేది. గాల్‌బ్లాడర్ తీసేశాక నొప్పి ఉండి, పరీక్షలన్నీ మామూలుగా ఉన్న 214 మందితో అమెరికాలో చేసిన ఎపిసాడ్ ట్రయల్ 2014లో వెలువడింది. నిజంగా కోసినవారికీ, కోయకుండా పైపైన ప్రక్రియ జరిపినవారికీ మధ్య ప్రయోజనంలో తేడా లేదని అది తేల్చింది. ఈ కారణంతో ఈఆర్‌సీపీ చేయించుకోమని ఎవరైనా ఇంకా సలహా ఇస్తే రెండో అభిప్రాయం తీసుకోండి.

అయితే దీన్ని ఈఆర్‌సీపీ అంటేనే వద్దన్న సలహాగా తీసుకోకూడదు. మీ చెల్లెలికి రేపు చలిజ్వరం వచ్చి, కళ్లు పచ్చబడి, బీపీ పడిపోతే అది పిత్తనాళపు ఇన్‌ఫెక్షన్. ఆ పరిస్థితిలో నాళంలోని చీమును బయటికి పంపకపోవడమే ప్రాణాపాయం. అప్పుడు పాంక్రియాటైటిస్ లెక్కలు వేస్తూ ఆలస్యం చేయరాదు. ఎంఆర్‌సీపీలో రాయి స్పష్టంగా కనిపించినా, దాన్ని తీసే మార్గాల్లో ఈఆర్‌సీపీయే సాధారణంగా అందుబాటులో ఉండేది. ల్యాపరోస్కోపీలో గాల్‌బ్లాడర్‌తోపాటే నాళంలోని రాయినీ తీయగల సర్జన్లు ఉన్నారు గానీ అన్ని ఊళ్లలోనూ దొరకరు.

ఈఆర్‌సీపీ తప్పదని తేలాక, ముందుగా అడిగి నిర్ధారించుకోవలసినది మలద్వారంలో పెట్టే మందు బిళ్ల గురించి. ఇండోమెథసిన్ లేదా డైక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాముల సపోజిటరీ, ఒకే ఒక్కసారి. 2012లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో రిస్కు ఎక్కువున్న 602 మందిని రెండు వర్గాలు చేస్తే, ఉత్తుత్తి బిళ్ల పెట్టినవారిలో 16.9 శాతానికి, ఇండోమెథసిన్ పెట్టినవారిలో 9.2 శాతానికి పాంక్రియాటైటిస్ వచ్చింది. మధ్యస్థ, తీవ్ర రకాలు కూడా 8.8 నుంచి 4.4 శాతానికి తగ్గాయి. రిస్కు లేనివారికీ పెట్టాలా, పెడితే ముందా తరువాతా అన్న వాదం కొన్నాళ్లు నడిచింది. 2016లో ఒక అమెరికా ఆసుపత్రి, రోగులను ఏరకుండా అందరికీ ఇచ్చి చూసి, లాభం లేదంది. అదే ఏడాది చైనాలో ఆరు కేంద్రాలు కలిసి 2,600 మందితో చేసిన ట్రయల్‌లో, ప్రక్రియకు అరగంట లోపు ముందే అందరికీ పెట్టిన వర్గంలో 4 శాతం, రిస్కు ఉన్నవారికి మాత్రం ప్రక్రియ ముగిశాక పెట్టిన వర్గంలో 8 శాతం వచ్చింది. యూరప్ ఎండోస్కోపీ సంఘం 2020 మార్గదర్శకాలు, పడనివారికి తప్ప, ప్రక్రియకు కాస్త ముందు అందరికీ పెట్టమంటాయి. నేను పాటించేది కూడా అదే. మోతాదు రెట్టింపు చేసి 200 మిల్లీగ్రాములు పెడితే ఇంకా మేలేమో అని వెయ్యిమందికి పైగా రోగుల్లో పరీక్షిస్తే అదనపు ప్రయోజనమేమీ కనిపించలేదు.

డైక్లోఫెనాక్ సపోజిటరీ మన దగ్గర కొత్త వస్తువేమీ కాదు, సిజేరియన్ తరువాత నొప్పికి వార్డుల్లో రోజూ వాడేదే. అంత సులువైనదీ చవకైనదీ కావడం వల్లనేమో, కొన్నిచోట్ల దాన్ని ఎవరూ గట్టిగా పట్టించుకోరు. డాక్టరు రాయాలి, నర్సు పెట్టాలి, రోగి గదిలోకి వెళ్లే హడావుడిలో అది ఎవరి పనీ కాకుండా పోతుంది. ‘సపోజిటరీ పెట్టారా?’ అని అడగడానికి మొహమాటపడకండి. నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేశాం కదా అని ఎవరైనా అంటే, ఈ నివారణ విషయంలో ఇంజక్షన్‌కు గానీ నోటి మాత్రకు గానీ సపోజిటరీకి ఉన్నటువంటి రుజువు లేదని వినయంగానే చెప్పండి. అదే సమయంలో మీరు ముందుగా చెప్పితీరవలసిన విషయాలూ ఉన్నాయి: ఆస్పిరిన్ లేదా నొప్పి మాత్రలు వేసుకుంటే ఆయాసం గానీ దద్దుర్లు గానీ రావడం, కిడ్నీ జబ్బు, ఇటీవల కడుపులో పుండు నుంచి రక్తస్రావం, గర్భం. ఆమె వయసు రీత్యా గర్భం సంగతి ఎక్స్‌రే కారణంగా కూడా ముందే తేల్చుకోవాలి.

ఇక మిగిలినదంతా ప్రక్రియ చేసేవారి చేతిలో ఉంటుంది, కానీ ఏం జరుగుతుందో తెలిస్తే మీ ప్రశ్నలు సూటిగా ఉంటాయి. పాపిల్లాను గడియారంగా ఊహిస్తే పిత్తనాళం 11 గంటల దిక్కుగా, క్లోమనాళం 1 గంట దిక్కుగా పోతాయి. పూర్వం కాంట్రాస్ట్ మందు ఎక్కించి, ఏ నాళంలో ఉన్నామో చూసుకునేవారు. ఇప్పుడు ముందు అంగుళంలో 35 లేదా 25 వేయోవంతు మందముండే మెత్తని మొన తీగను పంపి ఎక్స్‌రే తెరపై దాని దారిని చూస్తాం. తీగ వెన్నెముక పక్కగా పైకి, కాలేయం వైపు ఎక్కిందా, పిత్తనాళంలో ఉన్నాం. వెన్నెముకను అడ్డంగా దాటిందా, క్లోమంలోకి పోయింది, వెంటనే ఆగాలి. క్లోమనాళంలోకి మందు పోకుండా ఉండటం వల్ల తీగ పద్ధతిలో పాంక్రియాటైటిస్ తగ్గింది. పాపిల్లాను ఐదుసార్లకు మించి తాకవలసి వచ్చినా, ఐదు నిమిషాలు దాటినా, అనుకోకుండా క్లోమనాళంలోకి ఒకటికి మించిన సార్లు పోయినా దాన్ని కష్టమైన కేసుగా యూరప్ నిపుణులు లెక్కిస్తారు. ఆ గీత దాటాక అదే ప్రయత్నాన్ని మొండిగా కొనసాగించకుండా పద్ధతి మార్చడం అనుభవం ఉన్నవారి లక్షణం. అత్యవసరం కానప్పుడు ఆ రోజుకు ఆపేసి, వాపు తగ్గాక రెండు నుంచి నాలుగు రోజులకు మళ్లీ చేయడం కూడా సరైన వైద్యమే. ‘ఇవాళ కాలేదు, మళ్లీ రావాలి’ అన్న డాక్టరు మీద బంధువులు కోప్పడటం తరచుగా చూస్తాను. ఆ మాట చెప్పిన డాక్టరు చాలాసార్లు మీ మనిషిని కాపాడినవారే అయి ఉంటారు. పాపిల్లాను అసలు కోయకుండా బెలూన్‌తో మాత్రమే విప్పడం గురించి కూడా అడగండి. 2004లో వెలువడిన ఒక అమెరికా ట్రయల్‌ను బెలూన్ వర్గంలో ఇద్దరు మరణించడంతో మధ్యలోనే ఆపేశారు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారి సంగతి వేరు. మీ చెల్లెలి వంటివారికి ఆ పద్ధతి తగదు.

తీగ క్లోమనాళంలోకి పదే పదే పోయిన కేసుల్లో, లేదా రిస్కు ఎక్కువని ముందే తెలిసిన కేసుల్లో, ప్రక్రియ ముగించేముందు క్లోమనాళంలో 5 ఫ్రెంచ్, అంటే సుమారు 1.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం, అంటే స్టెంట్, పెడతాం. పాపిల్లా వాచినా క్లోమరసం దాని గుండా బయటికి వస్తుంది. సపోజిటరీ ఉంటే ఇక స్టెంట్ దేనికన్న ప్రశ్న చాలాకాలం ఉండేది. 2024 ప్రారంభంలో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన ట్రయల్‌లో రిస్కు ఎక్కువున్న 1,950 మందిలో, ఇండోమెథసిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 14.9 శాతానికి, ఇండోమెథసిన్‌తోపాటు స్టెంట్ కూడా పెట్టినవారిలో 11.3 శాతానికి పాంక్రియాటైటిస్ వచ్చింది. కనుక రిస్కు ఎక్కువున్నవారికి రెండూ కావాలి. అయితే క్లోమనాళంలోకి అసలు వెళ్లని సులువైన కేసులో కేవలం స్టెంట్ కోసమే లోపలికి వెళ్లడం అనవసరమని, పెట్టబోయి పెట్టలేకపోతే అదే ఒక గాయమవుతుందని నా అభిప్రాయం.

సెలైన్ గురించి అందరూ అడుగుతారు. రింగర్ లాక్టేట్ అనే రకం సెలైన్‌ను పెద్ద మోతాదులో వేగంగా ఎక్కిస్తే క్లోమానికి రక్తప్రసరణ బాగుండి వాపు తగ్గుతుందన్న ఆలోచనకు తొలి ట్రయల్స్ బలమిచ్చాయి. తరువాత నెదర్లాండ్స్‌లో 826 మందిలో, సపోజిటరీ ఎలాగూ అందినవారికి, తొలి గంటలో శరీరబరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు, ఆపై ఎనిమిది గంటలపాటు గంటకు కిలోకు 3 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించి చూశారు. పాంక్రియాటైటిస్ 8 శాతం, మామూలు వర్గంలో 9 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. సపోజిటరీ పడనివారికి, గుండె, కిడ్నీలు బాగున్నట్లయితే, ఇది మంచి ప్రత్యామ్నాయమే. మిగిలినవారికి ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే చాలు. యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు, అల్లోప్యూరినాల్ వంటివి ఈ పనికి ఉపయోగపడవు.

ప్రక్రియ తరువాత తొలి ఇరవై నాలుగు గంటలు ముఖ్యం. గాలి ఊదడం వల్ల కడుపు కాస్త ఉబ్బరంగా, గొంతు గరగరగా ఉండటం మామూలే. పైకడుపులో పట్టేసినట్టు మొదలై వీపులోకి పాకుతూ, గంటగంటకు పెరుగుతూ, వాంతులతో వచ్చే నొప్పిని గ్యాస్ అనుకుని ఊరుకోకూడదు. అటువంటి నొప్పి ఉన్నవారికి రెండు నుంచి ఆరు గంటల మధ్య రక్తంలో అమైలేజ్, దానివంటిదే అయిన లైపేజ్ అనే ఎంజైము చూస్తారు. అమైలేజ్ మామూలు పరిమితికి ఒకటిన్నర రెట్లకు, లైపేజ్ నాలుగు రెట్లకు లోపే ఉంటే పాంక్రియాటైటిస్ భయం చాలావరకు పోయినట్టే. నొప్పేమీ లేకుండా అమైలేజ్ మాత్రమే పెరగడం తరచుగా జరిగేదే, దానికి వైద్యం అక్కరలేదు. నొప్పితోపాటు జ్వరం, కడుపు గట్టిపడటం ఉంటే పేగుకు రంధ్రం పడిందేమోనని సీటీ స్కాన్ చేయాలి. మీ ఊరికీ ఆసుపత్రికీ మధ్య గంటల ప్రయాణం అని రాశారు కనుక, సాయంత్రమే డిశ్చార్జి చేస్తామన్నా ఆ రాత్రికి అక్కడే ఉండేలా అడగండి. ఒకవేళ పాంక్రియాటైటిస్ వచ్చినా, నొప్పికి మందు, తగుమాత్రంగా సెలైన్, ఆకలి వేయగానే ఆహారం, వీటితో ఎక్కువమంది కొద్ది రోజుల్లోనే ఇంటికి వెళతారు. ఈ దశలో కూడా సెలైన్ అతిగా ఎక్కించడం మంచిది కాదని 2022లో వెలువడిన వాటర్‌ఫాల్ ట్రయల్ చూపింది: వేగంగా ఎక్కించిన వర్గంలో 20.5 శాతానికి, మితంగా ఎక్కించిన వర్గంలో 6.3 శాతానికి ఒంట్లో నీరు చేరింది, జబ్బులో మాత్రం మెరుగు కనిపించలేదు.

చివరగా, డిశ్చార్జి కాగితం చేతికి రాగానే స్టెంట్ పెట్టారా, పెడితే పిత్తనాళంలోనా, క్లోమనాళంలోనా, రెండింటిలోనా అన్నది స్పష్టంగా రాయించుకోండి. క్లోమనాళపు స్టెంట్ చాలామందిలో దానంతట అదే పేగులోకి జారిపోతుంది. ఐదు నుంచి పది రోజుల్లో ఒక మామూలు ఎక్స్‌రే తీసి, ఇంకా అక్కడే ఉంటే ఎండోస్కోపీతో తీసేయాలి, లేకపోతే అదే నాళాన్ని దెబ్బతీస్తుంది. పిత్తనాళపు ప్లాస్టిక్ స్టెంట్ అలా పోతుందని నమ్మకూడదు. అది కొన్ని నెలల్లో మూసుకుపోయి ఇన్‌ఫెక్షన్ తెస్తుంది కనుక, తీయవలసిన తేదీని ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే వేయించుకోండి. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తేదీ కూడా అప్పుడే, వీలైతే అదే అడ్మిషన్‌లోనే, నిర్ణయింపజేసుకోండి.